అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు: ఏ మాత్ర ఎందుకు?

ప్ర: మా నాన్నగారికి 62 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగరు. రాత్రయితే అరికాళ్లు మంటలు, సూదులతో గుచ్చినట్టు పోట్లు. ప్రిగాబాలిన్ (నరాల నొప్పి మందు) 75 మిల్లీగ్రాములు, మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమిన్) 750 మైక్రోగ్రాములు కలిసిన మాత్ర రాత్రిపూట రాశారు. పది రోజులైంది. మంట కాస్తే తగ్గింది, పొద్దున లేవగానే తూలుతున్నారు. మాన్పించేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: ఇప్పుడే మాన్పించకండమ్మా. పది రోజులకు ఈ మందు పనిచేస్తుందో లేదో తేలదు. 75 మిల్లీగ్రాములు ఆరంభపు మోతాదు మాత్రమే. షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికి చాలామందికి రోజు మొత్తానికి 150 నుంచి 300 మిల్లీగ్రాములు కావాల్సి వస్తుంది. అక్కడికి వారం వారం మెల్లగా పెంచుతూ చేరాలి. సరైన మోతాదుకు చేరాక రెండు వారాలైనా చూసి అప్పుడు నిర్ణయించాలి. నొప్పి సగానికి తగ్గి, రాత్రి నిద్ర పడితే మందు పనిచేసినట్టే. పూర్తిగా పోవాలని చూస్తే నిరాశే మిగులుతుంది.

తూలు మొదటి రెండు వారాల్లో ఎక్కువగా ఉండి, చాలామందికి తగ్గుతుంది. మాత్రను పడుకోబోయే ముందు కాకుండా రెండు గంటల ముందే ఇవ్వండి, పొద్దుటి మత్తు తగ్గుతుంది. రాత్రి బాత్రూముకు వెళ్లాలంటే మంచం అంచున ఓ నిమిషం కూర్చుని, లైటు వేసుకుని లేవాలి. జలుబుకు వేసుకునే సెట్రిజిన్, నిద్రమాత్రలు, మద్యం దీనితో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. పాదాలు వాస్తున్నాయేమో, బరువు పెరుగుతోందేమో కూడా గమనించండి. షుగరుకు పయోగ్లిటజోన్ వాడుతుంటే వాపు ఇంకా ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, క్రియాటినిన్ పరీక్ష. ఈ మందు బయటికి పోయేదారి కిడ్నీలే. క్రియాటినిన్‌ను బట్టి లెక్కకట్టే కిడ్నీల వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే మోతాదు సగం చేయాలి. పదకొండేళ్ల షుగరు ఉన్నవారికి ఈ పరీక్ష చూడకుండా మోతాదు పెంచకూడదు. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే ఒక్కసారిగా కాదు, కనీసం వారం పాటు తగ్గిస్తూ ఆపాలి. లేకపోతే నిద్రలేమి, చెమటలు, ఆందోళన వస్తాయి.

ఇంకో సంగతి. మాత్రల షీటు మీద పేరు చివర ‘ఎన్‌టీ’ అని ఉంటే అందులో నార్ట్రిప్టిలిన్ అనే ఇంకో నరాల నొప్పి మందు కూడా ఉన్నట్టు. ప్రోస్టేటు వాపు, గ్లకోమా, గుండె లయలో తేడా ఉన్నవారికి అది ఇబ్బంది తెస్తుంది. ఎముకల డాక్టరు ఒక కంపెనీ మాత్ర, షుగరు డాక్టరు ఇంకో కంపెనీ మాత్ర రాసి, రెండింట్లోనూ ప్రిగాబాలినే ఉండటం తరచూ జరిగే పొరపాటు. ఎవరి దగ్గరికి వెళ్లినా షీట్లన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. కలిపిన మాత్రతో ఇంకో చిక్కు: మోతాదు పెంచితే అవసరమున్నా లేకున్నా విటమినూ పెరుగుతుంది. విడివిడిగా రాయించుకోవడమే మేలు.

ఇది పడకపోతే డులోక్సెటిన్ ఉంది. భోజనం తర్వాత 30 మిల్లీగ్రాములు వారం రోజులు, ఆపైన 60. మొదట్లో వికారం ఉంటుంది. కాలేయ జబ్బు, కిడ్నీల జబ్బు ముదిరినవారికి పనికిరాదు. నొప్పి మాత్ర ట్రమడాల్ వేసుకుంటున్నారేమో డాక్టరుకు తప్పక చెప్పాలి. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ ఈ మంటకు పెద్దగా పనిచేయవు. పైగా డైక్లోఫెనాక్ షుగరు ఉన్నవారి కిడ్నీలకు చేటు.

ప్ర: ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. శాకాహారిని. కాళ్లు తిమ్మిర్లు, దూది మీద నడుస్తున్నట్టుంది. బీ12 పరీక్షలో 164 వచ్చింది. ఇంట్లో బీకాంప్లెక్స్ వేసుకుంటున్నాను, చాలదా?
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జ: చాలదు. సాధారణంగా మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోటు ఉన్నట్టే. మీకు రెండు కారణాలు కలిశాయి. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాల పదార్థాల్లోనే ఉంటుంది. తిన్నదాన్ని చిన్నపేగు చివరి భాగం పీల్చుకోవాలి, ఆ పనిని మెట్‌ఫార్మిన్ మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ లాంటి గ్యాసు మాత్రలు వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. ఇడ్లీ పిండి పులిస్తే బీ12 వస్తుందన్న మాట నమ్ముకోకండి.

నరాల లక్షణాలు కనిపిస్తున్నాయి కాబట్టి ఇంజెక్షన్లతో మొదలుపెట్టడమే మంచిది: మొదటి వారాల్లో రోజు విడిచి రోజు 1000 మైక్రోగ్రాములు, తర్వాత నెలకొకటి లేదా రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర. ఒంటికి కావలసింది రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకే కదా, వెయ్యి ఎందుకంటే, పేగు ఒక దఫాలో మామూలు దారిన పీల్చుకోగలిగేది రెండు మైక్రోగ్రాములలోపే. మిగిలినదానిలో నూటికి ఒక వంతు మాత్రం దానంతటది రక్తంలోకి ఇంకుతుంది. వెయ్యి మింగితే పది దక్కుతుందన్నమాట. చాలా బీకాంప్లెక్స్ మాత్రల్లో బీ12 ఉండేది కొద్ది మైక్రోగ్రాములే, కాబట్టి షీటు వెనక అంకె చదవండి.

బీ12 లోటు ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోవడం ప్రమాదం. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ మీరుగా ఆపకండి, అది మంచి మందు. బీ12 మాత్రమే జోడించండి. రక్తం వారాల్లో కోలుకుంటుంది కానీ నరాలకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏళ్లుగా మొద్దుబారిన చోట స్పర్శ పూర్తిగా రాకపోవచ్చు. అందుకే ఈ పరీక్ష తిమ్మిర్లు మొదలవకముందే చేయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడేవారంతా డాక్టరును అడగండి. బీ12 మాత్రలు మొదలుపెట్టాక పరీక్ష చేయిస్తే అంకె పెరిగి కనిపించి, లోటు దాగిపోతుంది.

ప్ర: ‘నరాల బలానికి’ అని ఏడాదిగా బీ6 100 మిల్లీగ్రాముల మాత్ర వాడుతున్నాను. తిమ్మిర్లు తగ్గకపోగా చేతులకూ పాకాయి.

జ: ఆ మాత్ర వెంటనే ఆపండి. పెద్దవారికి రోజుకు కావలసిన బీ6 రెండు మిల్లీగ్రాముల లోపే. అంతకు ఎన్నో రెట్లు నెలల తరబడి వేసుకుంటే ఆ విటమినే నరాలను దెబ్బతీస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకు 12 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. ఆపిన కొన్ని వారాలు తిమ్మిర్లు ఇంకాస్త పెరిగినట్టుండొచ్చు, తర్వాత నెలల మీద తగ్గుతాయి. ఒక్క మినహాయింపు: క్షయ మందు ఐసోనయజిడ్ వాడేవారికి నరాలు దెబ్బతినకుండా డాక్టరే బీ6 రాస్తారు. వారు మానకూడదు.

ప్ర: మా అమ్మకు 71. నాలుగు నెలల క్రితం నడుముకు ఒకవైపు అక్కి లేచింది. జాజు పూయించాం, పొక్కులు మానాయి. ఇప్పటికీ చీర తగిలితే నిప్పు పెట్టినట్టుందంటోంది. ఏ విటమిన్ ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జ: విటమిన్లతో ఇది తగ్గదు. పొక్కులు మానాక నరంలో మిగిలిపోయిన నొప్పి ఇది. లిడోకెయిన్ 5 శాతం పట్టీలు మచ్చలున్న చోట అంటించి, 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయాలి. చర్మం చిట్లిన చోట వేయకూడదు. గాబాపెంటిన్ ఈ వయసులో రాత్రి 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. పుల్లతేన్పులకు తెల్లటి టానిక్కు తాగుతుంటే రెండు గంటల ఎడం ఇవ్వాలి, లేకపోతే మందు సరిగా ఒంటికి పట్టదు.

ఇంట్లో ఇంకెవరికైనా అక్కి లేస్తే పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎసైక్లోవిర్ లాంటి మందులు అప్పుడే బాగా పనిచేస్తాయి. జాజు పూసుకుంటూ ఆ మూడు రోజులు పోగొట్టుకోకూడదు. యాభై దాటినవారికి రెండు డోసుల టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది.

ప్ర: కాళ్ల మంటలకు ఉప్పు వేసిన వేడినీళ్లలో పాదాలు పెట్టుకోవచ్చా?

జ: షుగరు ఉంటే వద్దు. స్పర్శ లేని పాదానికి కాలిన సంగతి తెలియదు, పొద్దునకు బొబ్బలు తేలతాయి. రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోండి, ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి. మంట సంగతి అలా ఉంచితే, కాళ్లలో బలం రోజుల్లోనే తగ్గుతూ పైకి పాకినా, పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ నడుస్తున్నా, మూత్రం ఆగిపోయి కూర్చునే చోట మొద్దుబారినా మాత్రలు మార్చుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.