సైకిల్ కొనే ముందు టేపు తీయండి

మార్చి చివర మంచు కరగడం మొదలవగానే, అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి, ఏప్రిల్ 15 లోపు కట్టాల్సిన పన్నుల గురించి. దానికి నా దగ్గర జవాబు లేదు, లెక్కలు తెలిసిన మనిషి దగ్గరికి పంపేస్తాను. రెండోది సైకిల్ గురించి. "పాపకు అయిదేళ్ళు. వంద డాలర్లదీ ఉంది, అయిదు వందలదీ ఉంది. మధ్యలో మంచిది ఏదైనా చెబుతారా?" అంటారు. దీనికి మాత్రం ఉత్సాహంగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేను డబ్బు పోగొట్టుకున్నాను.

ముందు నేను ఎదురడిగేది పాప కాలి పొడవు. వయసు చెబుతారు, బరువు చెబుతారు, ఇష్టమైన రంగు కూడా చెబుతారు. కాలు మాత్రం ఎవరూ కొలిచి ఉండరు.

నేనూ కొలవలేదు. ఇక్కడికి వచ్చిన రెండో ఏట మా అమ్మాయికి ఒక పెద్ద దుకాణంలో 20 అంగుళాల చక్రాల సైకిల్ కొన్నాను. అప్పటికి పాపకు అయిదేళ్ళు నిండలేదు. ఎదిగే పిల్ల, నాలుగేళ్ళు వస్తుందిలే అని నా లెక్క. గౌనుకు అంచు లోపలికి మడిచి కుట్టించి, ఏడాదికొకసారి విప్పుకుంటూ వచ్చే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఏదైనా ఒక సైజు పెద్దది కొంటేనే నాకు మనసు కుదుటపడుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు స్ప్రింగులు, లావు టైర్లు, ఆరు గేర్లు. చూడడానికి మోటారు సైకిల్‌కు తమ్ముడిలా ఉండేది. పాప దాన్ని నిలబెట్టలేకపోయింది. వేళ్ళకు బ్రేకు పిడి అందలేదు. ఒక సాయంత్రం అది ఒరిగి కాలిమీద పడింది. ఆ తర్వాత ఏడాదిన్నరపాటు గ్యారేజీలో అట్టపెట్టెలు ఆనించుకోవడానికి పనికొచ్చింది. అది సరిపోయే వయసు వచ్చేనాటికి మా అమ్మాయికి సైకిల్ అంటేనే బెరుకు.

మనం అద్దె సైకిల్ మీద అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకోలేదా అంటారు కొందరు. నేర్చుకున్నాం, నిజమే. అప్పటికి మనకు పదేళ్ళు. పెద్దవాళ్ళ సైకిల్ గొట్టాల సందులోంచి కాలు దూర్చేంత ఎత్తూ, మోకాళ్ళు చెక్కుకుపోయినా ఇంట్లో చెప్పని మొండితనమూ ఉన్నాయి. అయిదేళ్ళ పిల్లకు రెండూ ఉండవు.

కొలవడం రెండు నిమిషాల పని. పాపకు బూట్లు వేసి, వీపు గోడకు ఆనేలా నిలబెట్టండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ళ మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నట్టు తగిలేదాకా పైకి జరపండి. పుస్తకం పై అంచు నుంచి నేలదాకా ఎన్ని అంగుళాలుంటే కాలి పొడవు అంత. ఇప్పుడు సైకిల్ వివరాల్లో సీటు కనిష్ఠ ఎత్తు ఎంతో చూడండి. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఆ అంకె కాలి పొడవును మించకూడదు. అలా ఉంటేనే కూర్చున్నచోటు నుంచి పాదాలు పూర్తిగా నేలకు ఆనతాయి, ధైర్యం వస్తుంది. తొక్కడం వచ్చేసిన పిల్లకైతే సీటు రెండంగుళాలు ఎత్తున్నా మునివేళ్ళు తగిలితే చాలు.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 12, 14, 16, 18, 20 అనే అంకెలు చక్రం కొలతలు. సైకిల్ కొలతలు అనుకుని మోసపోతాం. ఒకే 16 అంగుళాల చక్రం మీద ఒక కంపెనీ సీటు కిందికి ఉంటుంది, ఇంకో కంపెనీది రెండు మూడంగుళాలు పైకి ఉంటుంది. అయిదేళ్ళవాళ్ళలో చాలామందికి 16 సరిపోతుంది. కాస్త పొడుగు పిల్లలకు 18 చూడవచ్చు. సీటు ఎత్తు ఎక్కడా రాయని సైకిల్‌ను టేపు పట్టుకుని దుకాణానికి వెళ్ళి కొలిస్తే తప్ప కొనవద్దు.

కాలు కుదిరాక చూడాల్సింది బరువు. ప్రకటనల్లో దాన్ని ఎక్కడో చివర రాస్తారు, కొన్నిసార్లు అసలు రాయరు. ఇక్కడ అన్నీ పౌండ్లలోనే కాబట్టి అలాగే చెబుతాను. 40 పౌండ్ల పాపకు 24 పౌండ్ల సైకిల్ ఇవ్వడమంటే, 70 కిలోల మనిషికి 42 కిలోల సైకిల్ ఇచ్చి తొక్కమనడం. మనం తొక్కుతామా? చవక ఉక్కు సైకిళ్ళు తేలిగ్గా ఇరవై పౌండ్లు దాటేస్తాయి. అల్యూమినియం చట్రంతో వచ్చే మధ్య ధర సైకిళ్ళలో 16 నుంచి 19 పౌండ్ల మధ్యవి దొరుకుతాయి. సైకిల్ బరువు పిల్ల బరువులో 40 శాతం దగ్గర ఆగితే మంచిది. ఒక పౌండు అటూ ఇటూ అయినందుకు దిగులు పడనక్కర్లేదు.

స్ప్రింగుల ఫోర్కు ఈ వయసులో శుద్ధ దండగ. నలభై పౌండ్ల పిల్ల బరువుకు ఆ స్ప్రింగు సరిగా కదలనే కదలదు. దాని బరువు మాత్రం ప్రతి మలుపులోనూ పిల్ల చేతుల మీదే పడుతుంది. గేర్లూ అంతే. 16 అంగుళాల సైకిల్‌కు గేరు ఒకటుంటే చాలు. టైర్లు మాత్రం గాలి కొట్టేవే కావాలి. పంక్చరు బాధ లేదని ఫోము టైర్లు కొంటే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, గతుకులన్నీ పిల్ల చేతులకే తెలుస్తాయి. చైను మొత్తం కప్పేసే తొడుగు ఉన్నది దొరికితే వదలకండి. పండగనాడు పట్టుపావడాతో వెళ్ళి సైకిల్ ఎక్కే పిల్లలు మన ఇళ్ళలోనే ఉంటారు.

ఇక బ్రేకులు. ఇక్కడ చిన్నపిల్లల సైకిళ్ళకు దాదాపు అన్నింటికీ పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. మనలో చాలామందికి ఇది కొత్త. దుకాణంవాళ్ళ ఇష్టం కాదు, దేశం మొత్తానికీ ఉన్న నిబంధన. సీటును పూర్తిగా ఎత్తినా 25 అంగుళాలు మించని సైకిళ్ళను ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ (సీపీఎస్సీ) విడిగా ఒక తరగతిగా పెట్టింది. వాటికి చేతి బ్రేకు ఒక్కటే ఉంటే కుదరదు. సీటు కనిష్ఠ ఎత్తు 22 అంగుళాలు, అంతకు మించి ఉంటే కాలి బ్రేకు ఉండి తీరాలి. నాకు ఆ బ్రేకు మీద పెద్ద గౌరవం లేదు. నేర్చుకునే పిల్లలు తూలినప్పుడు అప్రయత్నంగా పెడలు వెనక్కి తొక్కుతారు, బండి టక్కున ఆగిపోతుంది, పడతారు. ఆగినచోట పెడలును వెనక్కి తిప్పి సరిచేసుకోవడానికీ వీలుండదు. అందుకే దానితోపాటు వెనక చక్రానికి చేతి బ్రేకు కూడా ఉన్నది చూడండి. కొన్ని కంపెనీలు కాలి బ్రేకు లేని వెనక చక్రాన్ని విడిగా అమ్ముతాయి. పిల్లకు చేతి బ్రేకు బాగా అలవాటయ్యాక మార్చుకోవచ్చు.

చేతి బ్రేకు ఉంటే సరిపోదు, అది పిల్ల వేళ్ళకు లొంగాలి. దుకాణంలోనే పాపను కూర్చోబెట్టి రెండు వేళ్ళతో నొక్కమనండి. నొక్కలేకపోతే పిడి దగ్గరున్న చిన్న మరను తిప్పి దగ్గరికి జరపమని అడగండి. అప్పటికీ నొక్కలేకపోతే అది అలంకారమే.

డబ్బు సంగతి. పెద్ద దుకాణాల్లో వంద డాలర్ల చుట్టుపక్కల దొరికేవాటికీ, నాలుగు వందలు దాటేవాటికీ నడుమ, 200 నుంచి 300 డాలర్ల దగ్గర మీకు కావలసిన సరుకు ఉంది. ట్రెక్ ప్రీకాలిబర్, స్పెషలైజ్డ్ రిప్‌రాక్, ఒకే పిడి నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడే గార్డియన్ సైకిళ్ళు, వీటి దగ్గర మొదలుపెట్టండి. ధరలు ఏటా మారుతుంటాయి, సేల్స్ టాక్సు రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది, కాబట్టి కచ్చితమైన అంకె చెప్పి మాట పడను. 2013లో ఆస్ట్రియాలో పుట్టిన వూమ్ కంపెనీ 16 అంగుళాల సైకిల్ 12 పౌండ్ల దగ్గరే ఉంటుంది. ఎత్తి చూస్తే ముచ్చటేస్తుంది, ధర చూస్తే దింపేస్తాం. కానీ వాడినది దొరికితే మన మధ్య ధరలోకే వస్తుంది.

ఆఫీసులో పెద్దవాళ్ళను అడిగితే ష్విన్ కొనమంటారు. వాళ్ళ చిన్నప్పటి ముచ్చట అది. షికాగోలో 1895లో మొదలైన ఆ కంపెనీ 1992లో దివాలా తీసింది. పేరు మాత్రం చేతులు మారుతూ వస్తోంది. ఆ పేరుతో ఇప్పుడు అన్ని ధరల్లోనూ సైకిళ్ళున్నాయి కాబట్టి పేరు చూసి కాదు, టేపూ తూకమూ చూసి తేల్చుకోండి.

మధ్య ధర పెట్టడంలో ఇంకో లాభం, సైకిల్ షాపువాళ్ళు బిగించి ఇవ్వడం. ఒక పెద్ద దుకాణంలో ముందు ఫోర్కు వెనక్కి తిప్పి బిగించిన పిల్లల సైకిల్ అమ్మకానికి నిలబెట్టి ఉండడం నా కళ్ళతో చూశాను. షాపులో కొంటే బ్రేకు తీగలు కొన్నాళ్ళకు సాగి వదులైనప్పుడు ఉచితంగా సరిచేసి ఇస్తారేమో అడిగి తెలుసుకోండి, చాలామంది ఇస్తారు. ఇంటికి పెట్టెలో తెప్పించుకుంటే మీరే బిగించాలి. ఎడమ పెడలు మర అన్నింటిలా కాక తిరగేసి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. కుడి పెడలు లాగా బిగించబోతే మర చెడిపోతుంది. పానా 15 మిల్లీమీటర్లది కావాలి.

పెడలు మాట వచ్చింది కాబట్టి పక్క చక్రాల సంగతీ చెబుతాను. వద్దు. సైకిల్ మలుపులో లోపలి వైపు ఒరగాలి. పక్క చక్రాలు దాన్ని ఒరగనివ్వవు. పిల్లలకు తొక్కడం వస్తుంది, నిలబెట్టుకోవడం రాదు, తీసేసిన రోజు మళ్ళీ మొదటికే వస్తారు. దానికి బదులు రెండు పెడళ్ళూ ఊడదీసి, సీటు కిందికి దించి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోనివ్వండి. 1817లో జర్మనీలో డ్రైస్ అనే ఆయన చేసిన తొలి రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు. మా రెండోవాడు ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే స్కూలు పార్కింగులో పదిరోజులు అలా దొర్లాడు. పాదాలు రెండూ పైకెత్తి పది గజాలు జారడం రాగానే పెడళ్ళు బిగించాను. నేను సీటు పట్టుకుని వంగి పరిగెత్తాల్సిన పని పడలేదు. నడుము నొప్పి లేకుండా నేర్పిన విద్య నా జీవితంలో ఇదొక్కటే.

హెల్మెట్ డబ్బు సైకిల్ లెక్కలోనే ముందుగా తీసి పక్కన పెట్టండి. కాలిఫోర్నియాలో 18 ఏళ్ళలోపు, న్యూజెర్సీలో 17 ఏళ్ళలోపు, న్యూయార్క్‌లో 14 ఏళ్ళలోపు పిల్లలకు అది చట్టం. టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ వర్తించే చట్టం లేదు, తల మాత్రం అక్కడా ఒకటే. లోపలి చీటీ మీద భద్రతా కమిషన్ ప్రమాణానికి సరిపోతుందని రాసి ఉందో లేదో చూడండి. కనుబొమ్మలకు రెండు వేళ్ళ ఎత్తున ఉండాలి, నుదురంతా కనిపించేలా వెనక్కి జారకూడదు. పాత సైకిల్ కొనండి కానీ పాత హెల్మెట్ కొనకండి. అది ఎన్నిసార్లు పడిందో పైకి కనిపించదు.

తొక్కడం వచ్చాక మీకు మీరే ఒకటి నేర్పుకోవాలి. ఇక్కడ కుడివైపు. పాప రోడ్డెక్కబోతే మన నోరు ఎడమకు జరగమని అరుస్తుంది, నాకు రెండేళ్ళు పట్టింది మానడానికి. కాలిబాట మీద తొక్కేటప్పుడు అసలు భయం రోడ్డు మీది కార్లతో కాదు, ఇళ్ళ ముందు నుంచి వెనక్కి వచ్చే కార్లతో. సీటు వెనక పొడవైన కర్రకు జెండా కట్టండి, కారు వెనక ఉన్న చిన్నపిల్ల కనిపించకపోయినా జెండా కనిపించవచ్చు.

కొనే కాలం కూడా చూసుకోండి. ఏప్రిల్‌లో అందరికీ కావాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో షాపులు పాత రంగుల సైకిళ్ళను ధర తగ్గించి అమ్ముతాయి, ఇళ్ళ ముందు పెట్టే అమ్మకాల్లోనూ మంచివి వస్తాయి. వాడినది కొంటే భద్రతా కమిషన్ వెబ్‌సైటులో ఆ రకాన్ని లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందేమో పేరు కొట్టి చూడండి. తెలిసిన పేరున్న తేలిక సైకిల్‌ను రెండేళ్ళు వాడి అమ్మితే పెట్టిన దాంట్లో మంచి వాటా తిరిగి వస్తుంది. మా వాడి సైకిల్‌ను ప్రకటన పెట్టిన సాయంత్రమే పట్టుకుపోయారు. నా 20 అంగుళాల మహారాజును మాత్రం చివరికి ఉచితం అని చీటీ రాసి ఇంటి ముందు పెట్టాల్సి వచ్చింది. మీరు అమ్మేటప్పుడు చక్రం సైజుతోపాటు సీటు కనిష్ఠ ఎత్తు కూడా కొలిచి రాయండి. ఎక్కడో ఒక తండ్రి గోడ పక్కన పుస్తకం పట్టుకుని ఆ అంకె కోసమే చూస్తుంటాడు.