పాత బ్రేకర్ల టెస్టింగ్‌కి ముందు ఒక మాట

బాబూ,

వచ్చే షట్‌డౌన్‌లో ఆ పాత 11 కేవీ ప్యానెళ్ల టెస్టింగ్ నీకు అప్పగించారట. సంతోషం. అయితే నీ పని షట్‌డౌన్ ఇచ్చాక కాదు, ఇవ్వకముందే మొదలవుతుంది.

ఏళ్ల తరబడి కదలని బ్రేకర్ (లోపం వస్తే సప్లై తెంచే స్విచ్) లోపల గ్రీజు ఎండి బంకలా పట్టేస్తుంది. అలాంటి బ్రేకర్ మొదటి ట్రిప్‌కి, అంటే మొదటిసారి తెరుచుకోవడానికి, మొరాయిస్తుంది. రెండుమూడు సార్లు ఆడించాక సులువైపోతుంది. మనవాళ్లు చేసేదేమిటి? ఆపరేటర్ బ్రేకర్ తెరుస్తాడు, బయటికి లాగుతారు, తుడుస్తారు, గ్రీజు రాస్తారు, అప్పుడు టైమింగ్, అంటే ఎంత వేగంగా తెరుచుకుంటుందో, చూస్తారు. రిపోర్టు బ్రహ్మాండంగా వస్తుంది, అసలు జబ్బు మాత్రం కనబడదు.

అందుకే ఆపరేటర్ స్విచ్ తిప్పకముందే ట్రిప్ కాయిల్ (బ్రేకర్‌ని తెరిపించే తీగచుట్ట) వైరుకి క్లాంప్ (వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచే మీటర్) తగిలించి, కరెంట్ రికార్డు చెయ్యి. అది డీసీ చదివే క్లాంప్ అయి ఉండాలి, మామూలు ఏసీ క్లాంప్ పనికిరాదు. గ్రాఫ్‌లో కరెంట్ పెరుగుతూ మధ్యలో చిన్న గుంట పడుతుంది, ప్లంజర్ (కాయిల్ లోపలి ఇనుప కడ్డీ) కదిలిందనడానికి అదే గుర్తు. గుంట ఆలస్యమైతే ప్లంజర్ దగ్గరే బిగువుంది. గుంట సరిగ్గా పడినా, ఆక్జిలరీ కాంటాక్ట్ (బ్రేకర్‌తో పాటు కదిలే చిన్న స్విచ్) కాయిల్ కరెంట్‌ని కట్ చేయడం లేటైతే మెకానిజం వైపు చూడు. పాత గ్రాఫ్ లేకపోతే అదే రకం బ్రేకర్ పక్క ప్యానెల్లో ఉంటే దానితో పోల్చు. ముందు డీసీ వోల్టేజ్ కొలవడం మరవకు, బ్యాటరీ నీరసంగా ఉన్నా గ్రాఫ్ ఇలాగే వస్తుంది.

మిగతావి నీకు తెలిసినవే. కాంటాక్ట్ రెసిస్టెన్స్‌కి 100 ఆంపియర్ల డీసీ పంపు. మూడు ఫేజుల్లో ఒకటి విడిగా ఎక్కువ చూపిస్తే దాన్నే అనుమానించు. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత, తేమ రాయి, లేకపోతే వచ్చే ఏడాది ఆ అంకెతో ఎవరికీ ఉపయోగం ఉండదు. వాక్యూమ్ బాటిల్‌ని (కాంటాక్టులుండే గాలిలేని గొట్టం) మెగ్గర్‌తో తేల్చేయకు, కాంటాక్టులు తెరిచి హైపాట్ (ఎక్కువ వోల్టేజ్ పెట్టి చూసే పరీక్ష) చెయ్యాల్సిందే.

బ్రేకర్ మీద చెయ్యి వేసేముందు దాన్ని మూసేదీ తెరిచేదీ, స్ప్రింగులు రెండూ డిస్‌చార్జ్ చెయ్యి. సప్లై లేకపోయినా ఆ స్ప్రింగు వేలు నుజ్జు చేస్తుంది. వోల్టేజ్ డిటెక్టర్‌ని ముందు లైవ్ (సప్లై ఉన్నచోటు) మీద పెట్టి చూడు, తర్వాత ప్యానెల్ మీద, మళ్లీ లైవ్ మీద. ఎంత తొందరున్నా ఇది మానకు. ఆ తర్వాతే ఎర్తింగ్.

ఆ క్లాంప్ సంగతి ఆపరేషన్స్ వాళ్లకి ముందురోజే చెప్పు. షట్‌డౌన్ పొద్దున అడిగితే టైం లేదంటారు.