గుడ్డ ఎత్తి చూడకండి

ప్రశ్న: కిటికీ అద్దం పగిలి మా తమ్ముడి ముంజేయి లోతుగా తెగింది. గుడ్డతో అదిమి పట్టాం కానీ, ఆగిందేమోనని ఎత్తి చూసిన ప్రతిసారీ రక్తం మళ్లీ కారింది. చివరకు ఆసుపత్రిలో కుట్లు వేశారు. మా పొరపాటు ఏమిటి? ప్రమాదకరమైన రక్తస్రావాన్ని ఎలా గుర్తించాలి?

జవాబు: అదిమి పట్టడం సరైన పనే, ఎత్తి చూడడమే పొరపాటు. తెగిన చోట ప్లేట్‌లెట్లు అతుక్కుని, వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే సన్నని పోగులు వలలా అల్లుకుంటేనే రక్తం గడ్డకడుతుంది. ఆ లేత గడ్డ గుడ్డకు అంటుకుని ఉంటుంది కనుక, గుడ్డ ఎత్తగానే అదీ ఊడివచ్చి వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది. శుభ్రమైన గుడ్డను మడతపెట్టి గాయం మీద ఉంచి, గడియారం చూసుకుంటూ కనీసం 10 నిమిషాలు అరచేతితో ఏకధాటిగా నొక్కి ఉంచాలి. చేతులు నొప్పెడతాయి, ఆ కాసేపూ యుగంలా గడుస్తుంది, అయినా వదలకూడదు. గుడ్డ తడిస్తే తీయకుండా దానిపైనే ఇంకొకటి వేసి మరింత బలంగా అదమాలి. గాయంలో గాజు పెంకు దిగబడి ఉంటే మాత్రం అదే రక్తనాళానికి బిరడాలా అడ్డుపడి ఉండవచ్చు కాబట్టి, దాన్ని పీకకుండా ఇరుపక్కలా నొక్కాలి.

ధమని తెగితే ఎర్రని రక్తం గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది, సిర తెగితే ముదురు రంగులో ధారగా కారుతుంది. రెండింటికీ వెంటనే అంబులెన్స్ పిలవాలి. పెద్దవారి ఒంట్లో ఉండే సుమారు 5 లీటర్ల రక్తంలో ఒక లీటరు పోయినా ప్రాణాపాయమే. అయితే నేల మీది మరకను బట్టి ఆ లెక్క తేలదు, మనిషినే గమనించాలి. ముఖం పాలిపోయి, చర్మం చల్లబడి చెమట పట్టి, నాడి బలహీనంగా వేగంగా కొట్టుకుంటూ, మాట తడబడుతుంటే షాక్‌లోకి, అంటే ఒంట్లో అవయవాలకు చాలినంత రక్తం అందని ప్రమాద స్థితిలోకి, వెళుతున్నట్టే. దెబ్బ తగిలాక పొట్ట గట్టిపడి ఈ లక్షణాలే కనిపిస్తే, పైకి చుక్క రక్తం లేకపోయినా లోపల స్రవిస్తోందని అనుమానించాలి. వెల్లకిలా పడుకోబెట్టి దుప్పటి కప్పండి. దాహమన్నా నీళ్లు తాగించవద్దు, ఆపరేషన్ అవసరం కావచ్చు.

చేతికో కాలికో తగిలిన గాయం ఎంత నొక్కినా ఆగకపోతేనే, గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల ఎగువన గుండె వైపుగా, కీలు మీద పడకుండా, వెడల్పాటి పట్టీ బిగించాలి. కట్టిన సమయం రాసిపెట్టండి, వైద్యులు వచ్చేదాకా దాన్ని వదులు చేయకండి.