రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన బ్రిటిష్ సరుకు ఓడ గైర్‌సొప్పా సిబ్బంది అంతా ఓడతో పాటే మునిగిపోయారా?

లేదు. సుమారు 30 మంది ఒక లైఫ్‌బోటులో బయటపడ్డారు, కానీ ప్రాణాలతో ఒడ్డు చేరింది సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఎయిర్స్ ఒక్కడే.

కలకత్తా నుంచి టీ, ఇనుప దిమ్మలు, వెండి వేసుకుని ఇంగ్లండు బయల్దేరిన ఈ స్టీమరుకి తుఫాను గాలుల్లో బొగ్గు సరిపోలేదు. అందుకే కాన్వాయ్‌ని, అంటే రక్షణ కోసం కలిసి సాగే ఓడల గుంపుని వదిలి, ఒంటరిగా ఐర్లాండులోని గాల్వే వైపు మళ్లింది. 1941 ఫిబ్రవరి 16 రాత్రి యూ-101 అనే జర్మన్ జలాంతర్గామి టార్పెడో వేసింది. ఆ దెబ్బకి ముందు స్తంభం కూలి, దానితోపాటే వైర్‌లెస్ యాంటెన్నా తెగిపడింది. ఇక సాయం కోరుతూ సందేశం పంపే దారేది? వాళ్ల కోసం వెతకడానికి ఎవరూ రాకపోవడానికి అదే కారణం.

పడవలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే భారతీయ నావికులే. ఫిబ్రవరి అట్లాంటిక్ చలికి, దాహానికి ఒక్కొక్కరే పోయారు. దాదాపు రెండు వారాలకి కార్న్‌వాల్‌లోని లిజర్డ్ తీరం చేరగానే అలల తాకిడికి పడవ బోల్తాపడింది. అప్పటిదాకా బతికిన కొద్దిమందిలో ఎయిర్స్ ఒక్కణ్నే స్థానికులు బయటికి లాగగలిగారు.

టార్పెడో తగిలితే చావు అక్కడికక్కడే అనుకోవడం మామూలు పొరపాటు. ఇక్కడ పడవలు దించేంత వ్యవధి దొరికింది. పడవలోని వాళ్లని చంపింది ఆ తర్వాతి రోజులు. 2012లో వెండి వెలికితీత మొదలైనప్పుడు వార్తలన్నీ కడ్డీల లెక్కతోనే నిండిపోయాయి, లాస్కర్ల ఊసు పెద్దగా లేదు.