ఉపవాసాలతో తీరని లెక్క

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్లు దాటింది. సంఘంలో ఆదివారం బడి చూసుకుంటాను. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో అశ్లీల వీడియోలు చూసే అలవాటు ఏళ్ల తరబడి నన్ను వదలడం లేదు. చూసిన ప్రతిసారీ మర్నాడు ఉపవాసం ఉంటాను. డైరీలో నియమాలు రాసుకున్నాను: తెల్లవారుజామున లేవాలి, రోజూ బైబిల్లో ఐదు అధ్యాయాలు చదవాలి, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ ముట్టకూడదు. కొన్నాళ్లు నిలబడతాను, మళ్లీ పడతాను. ప్రభువు బల్లలో, అంటే సంఘంలో అందరితో కలిసి రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడంలో, పాలుపొందడం కూడా మానేశాను. ఈమధ్య పదిహేనేళ్ల మా పెద్దాడి ఫోన్‌లో అలాంటిదే కనిపిస్తే ఒళ్లు తెలియని కోపంతో చెయ్యి చేసుకున్నాను, ఫోన్ లాగేసుకున్నాను. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. నా సంగతి తెలియని మా ఆవిడ, ‘పిల్లాడి మీద మరీ అంత కోపమేంటి’ అంటోంది. మనం ధర్మశాస్త్రపు ఆజ్ఞల కింద లేము, దేవుడు ఉచితంగా ఇచ్చే కృప కింద ఉన్నాము అని నేనే పిల్లలకు బోధిస్తాను. ఆ కృప నా విషయంలో ఎందుకు పనిచేయడం లేదు? నేను ఇంకా ఏ నియమం పెట్టుకోవాలి?

జవాబు: మీ ఆఖరి రెండు ప్రశ్నలూ పక్కపక్కనే పెట్టి చదవండి. కృప ఎందుకు పనిచేయడం లేదని అడిగి, మరుక్షణమే ఇంకో నియమం కావాలన్నారు. ఈ ఒక్క విషయంలో ఇన్నేళ్లుగా మీరు కృపను దగ్గరికి రానిచ్చినట్టు నాకు కనిపించడం లేదు. పనిచేస్తున్నదల్లా మీ డైరీ.

ముందు ఆ ఉపవాసం సంగతి చూద్దాం. ఉపవాసం మంచిదే. కానీ మీరు ఉంటున్నది ప్రార్థన కోసం కాదు, జరిమానా కట్టడానికి. రాత్రి తప్పు చేశారు, పగలంతా కడుపు మాడ్చుకున్నారు, చెల్లుకు చెల్లు. సాయంత్రానికి మనసు తేలికపడుతుంది కదా? ఆ తేలికదనమే నన్ను కలవరపెడుతోంది. కొట్లో పాత బాకీ తీర్చేసినవాడికి మళ్లీ అరువు పుడుతుంది. మీ ఉపవాసం చేస్తున్నది సరిగ్గా అదే. పడటం, శిక్ష వేసుకోవడం, తేలికపడటం, మళ్లీ పడటం. ఇందులో శిక్ష వేసుకోవడం ఒక్కటే భక్తి, మిగతాది పాపం అని మీరనుకుంటున్నారు. నా లెక్కలో ఆ నాలుగూ ఒకే అలవాటు. ఒక రోజు ఆకలితో తీరిపోయే పాపమైతే దానికి క్రీస్తు సిలువ దేనికి?

ధర్మశాస్త్రం చెడ్డదని నేననడం లేదు. అపొస్తలుడైన పౌలు దాన్ని పరిశుద్ధమైనది అనే అన్నాడు. ‘ఆశింపవద్దు’ అని ఆజ్ఞ చెప్పకపోతే దురాశ అంటే ఏమిటో తనకు తెలిసేది కాదనీ, అదే ఆజ్ఞను ఆసరా చేసుకుని పాపం తనలో సకలవిధమైన దురాశలు పుట్టించిందనీ రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, అంటే రోమా పత్రిక, ఏడో అధ్యాయంలో రాశాడు. ‘నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను’ అన్న మాట ఆ అధ్యాయంలోదే. ఏది తప్పో ఆజ్ఞ చూపిస్తుంది, దాన్ని మానే బలం మాత్రం ఇవ్వదు. మీ డైరీలో నియమాలు ఎంత గట్టివైనా అవి చేయగలిగింది అంతే. ‘ముట్టవద్దు, రుచి చూడవద్దు’ అనే కట్టుబాట్లు పైకి జ్ఞానంలా కనిపిస్తాయి గానీ శరీరపు కోరికలను అదుపు చేయడంలో వాటికి విలువ లేదని కొలొస్సయి సంఘానికి కూడా రాశాడు.

మీరు పిల్లలకు బోధించే వాక్యాన్ని ఈసారి పూర్తిగా చదవండి. ‘మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనైనవారు కారు గనుక పాపము మీ మీద ప్రభుత్వము చేయదు.’ దీన్ని చాలామంది సడలింపుగా వింటారు. పౌలు మాత్రం విడుదల గురించి చెబుతున్నాడు. పాపం ఏలుబడి పోవడానికి ఆయన చూపిన కారణం కృప. ‘కృప ఉంది కదా, ఎలా బతికినా ఫర్వాలేదు’ అనేవాళ్లు ఆ రోజుల్లోనూ ఉండబట్టే ‘అట్లనరాదు’ అని ముందే కొట్టిపారేశాడు. మీ జబ్బు అది కాదు కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఈ దారిలో మీకంటే కఠినంగా నడిచినవాళ్లున్నారు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు, గంటగంటకూ తనను తాను పరీక్షించుకుని డైరీ రాసుకునేవాడు. అభిషేకం పొందిన గురువై ఉండి కూడా తనకు రక్షణ ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటంలో, రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా, క్రీస్తు తన పాపాలను, అవును తన పాపాలనే, తీసివేశాడన్న నిశ్చయం కలిగిందని రాసుకున్నాడు. సంఘాల్లో సాక్ష్యంగా ఈ కథ చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక శోధనలు చుట్టుముట్టాయని కూడా ఆయనే రాశాడు. క్రమశిక్షణను, ఉపవాసాన్ని ఆ తర్వాతా వదిలిపెట్టలేదు. అయితే దేవుడు తనను చేర్చుకోవడానికి వాటిని వెలగా కట్టడం మానేశాడు.

కాబట్టి రాత్రిపూట ఫోన్ దూరంగా ఉంచండి, తప్పకుండా. అది జాగ్రత్త, నీతి కాదు. ఒక రాత్రి ఆ జాగ్రత్త తప్పితే మర్నాడు ఉపవాసం ఉండొద్దు. భోంచేయండి. భోంచేసి, నమ్మకమైన ఒక మనిషికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. ఉపవాసం కంటే ఇది మీకు కష్టం. ఇన్నేళ్లలో దేవుని దగ్గర ఎన్నిసార్లు ఒప్పుకున్నారో గానీ మీ ఉత్తరంలో ఒక్క మనిషి దగ్గర ఒప్పుకున్న ఆనవాలు లేదు. ‘మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి’ అన్నది కూడా వాక్యమే. మీరెవరో పూర్తిగా తెలిశాక కూడా మిమ్మల్ని వెళ్లగొట్టని మనిషి ఎదుట కూర్చున్నప్పుడు, కృప అన్న మాట మీకు మొదటిసారి చెవికి కాకుండా ఒంటికి తగులుతుంది. మీ పాస్టర్‌గారో, నోరు జారని పెద్ద విశ్వాసి ఎవరైనానో చూసుకోండి. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పొద్దు. ఆదివారం బడి కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించాలా అన్నది పాస్టర్‌గారితో కలిసి తేల్చుకోండి. అప్పగించాల్సి వస్తే దాన్ని శిక్షగా తీసుకోకండి. ఎంత ప్రయత్నించినా అలవాటు చేతికి లొంగకపోతే, నిద్ర, ఉద్యోగం దెబ్బతింటుంటే సైకాలజిస్టును కలవండి, అది విశ్వాసలోపం కాదు.

ప్రభువు బల్ల విషయంలో మీరు ఒక వాక్యాన్ని సగంలో ఆపినట్టున్నారు. ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలన్నాడు పౌలు. పరీక్షించుకుని వెనకబెంచీలో కూర్చోమనలేదు. పేదవాళ్లు ఆకలితో చూస్తుంటే తాము ముందే కడుపు నింపుకున్న కొరింథు సంఘంవాళ్లను అక్కడ ఆయన మందలించాడు, పడి ఏడుస్తున్నవాణ్ణి కాదు. ఒకరి దగ్గర ఒప్పుకున్నాక వెళ్లి పాలుపొందండి.

మీ ఆవిడకు చెప్పాలి. వివరాలు ఏకరువు పెట్టొద్దు, ఆవిడ అడిగినవాటికి అబద్ధం చెప్పొద్దు. ఆవిడకు కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, కొన్నాళ్లు మీ మొహం చూడబుద్ధి కాకపోవచ్చు. ఆ సమయంలో ‘దేవుడు నన్ను క్షమించాడు, నువ్వూ క్షమించాలి’ అని మాత్రం అనకండి. మీకు ఉచితంగా దొరికినదాన్ని ఆవిడ నెత్తిన ఆజ్ఞగా పెట్టినట్టవుతుంది. ఆవిడ మనసు విప్పుకోవడానికి నమ్మకమైన స్త్రీ ఒకరు ఉండేలా చూడండి.

ఇక పెద్దాడు. వాడి ఫోన్‌లో మీకు కనిపించింది మీ మొహమే. మీమీద వేసుకోలేని దెబ్బ వాడిమీద పడింది. రహస్యంగా ధర్మశాస్త్రం కింద బతికేవాడి ఇల్లు తరచూ ఇలాగే పోలీసు స్టేషన్ అవుతుంది. మీ ఆవిడతో మాట్లాడాక ఇద్దరూ కలిసి వాడి దగ్గర కూర్చోండి. ‘ఈ విషయంలో నాన్న కూడా పోరాడుతున్నాడు, సాయం తీసుకుంటున్నాడు’ అన్న మాట చాలు, మీ కథంతా పదిహేనేళ్లవాడు మోయక్కర్లేదు. ఫోన్ తిరిగి ఇచ్చేయండి. రాత్రి అయ్యేసరికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లోనే ఉంటాయని, మీదే ముందు పెడతారని చెప్పండి.

చెయ్యి చేసుకున్నందుకు క్షమాపణ అడగడానికి మాత్రం ఇవేవీ తేలేదాకా ఆగక్కర్లేదు. ఈ సాయంత్రమే అడగండి, ‘నువ్వు కూడా తప్పు చేశావు కదా’ అని తోక తగిలించకుండా. వాడు జవాబివ్వకుండా లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి.