తోట దస్తావేజు బీరువాలోనే ఉండనివ్వు, చెల్లీ

నీ సందేశం చదివిన రెండు రోజులకే మీ అమ్మగారు మలికిపురం నుంచి ఆటోలో మా ఇంటికి వచ్చారు. నేను అమెరికా నుంచి సెలవుకు రాజోలు వచ్చానని ఎవరో చెప్పారట. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది. అందులోంచి ముందు నువ్వు పంపిన కాలేజీ ఫీజుల కాగితం తీశారు, తర్వాత మీ అరెకరం కొబ్బరి తోట దస్తావేజు తీశారు. "అమ్మాయి డిగ్రీ చదవాలంటోంది. 16 వేల డాలర్లట. తోట తాకట్టు పెడితే వస్తాయా అమ్మా?" అన్నారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చూసేసరికి నా గుండె గుభేలుమంది. అందుకే ఫోనులో నాలుగు మాటలు చెప్పి ఊరుకోకుండా ఇంత వివరంగా రాస్తున్నాను.

నువ్వు అడిగినది ఇది. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై, గ్రీన్ కార్డుతో హ్యూస్టన్ వచ్చి ఆరు నెలలైంది. వార్డులో అందరూ "నీకు బీఎస్‌ఎన్ ఉందా" అంటున్నారు, అంటే నర్సింగ్ డిగ్రీ. వెంటనే చేరాలా? చేరాలి. కానీ వెంటనే కాదు, తోట మీద అప్పు తెచ్చి అసలే కాదు.

అక్కడ డిప్లొమా వాళ్లకైనా, డిగ్రీ వాళ్లకైనా ఎన్‌క్లెక్స్ ఒకటే, ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, లైసెన్సూ ఒకటే. 2020 నాటికి నర్సుల్లో 80 శాతం మందికి డిగ్రీ ఉండాలని 2010లో ఒక పెద్ద జాతీయ నివేదిక సూచించింది. అప్పటినుంచి పెద్ద ఆసుపత్రులు డిగ్రీ గురించి గట్టిగా అడగడం మొదలుపెట్టాయి. న్యూయార్క్ రాష్ట్రంలోనైతే కొత్త ఆర్‌ఎన్‌లు పదేళ్లలోగా డిగ్రీ పూర్తి చేయాలని 2017లో చట్టమే తెచ్చారు. నువ్వున్న టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు. మంచి నర్సింగ్ సేవలకు ఇచ్చే మ్యాగ్నెట్ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో నర్స్ మేనేజర్ కావాలంటే నర్సింగ్ డిగ్రీ తప్పనిసరి. అంటే డిగ్రీ లేకపోతే ముందుకు వెళ్లలేవు గానీ, ఉన్న ఉద్యోగం రేపే పోదు. నిబంధనల సంగతి నువ్వు కూడా చూసుకోగలవు. నేను చెప్పాలనుకుంటున్నది డబ్బు గురించి.

నేను 2006లో అమెరికా వెళ్లాను. వాడకుండా మిగిలిన 50 వేల వీసాలను నర్సులకూ ఫిజియోథెరపిస్టులకూ కేటాయిస్తూ 2005లో అమెరికా చట్టం చేసింది. కువైట్‌లో ఐదేళ్లు పనిచేసిన నాకు వాటిలో ఒకటి దక్కింది. మరుసటి ఏడాదే డిగ్రీ ఆలోచన పట్టుకుంది. ఫోనులో తీయగా మాట్లాడే ఒక కాలేజీ వాళ్లు దొరికారు. ఇంట్లో కూర్చునే పద్నాలుగు నెలల్లో పూర్తవుతుందన్నారు, 7,200 డాలర్లు ముందే కట్టమన్నారు. అప్పటికే మా సొంత చెల్లి పెళ్లికి ఉన్నదంతా ఇంటికి పంపేశాను. నాన్నకు ఫోను చేశాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తోటను స్వాధీన తనఖా పెట్టి, దాదాపు మూడు లక్షలు సర్దారు.

ఆ తోట గురించి చెప్పాలి. 1996 నవంబర్ తుఫానులో మా చెట్లు సగానికిపైగా నేలకొరిగాయి. ఆ మరుసటి ఏడాది నాన్న తన చేతులతో గోతులు తీసి మొక్కలు నాటారు. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచితే, సరిగ్గా నేను అప్పు అడిగే సమయానికి అవి కాపుకు వచ్చాయి. స్వాధీన తనఖా అంటే నీకు తెలుసు కదా, వడ్డీ ఉండదు, కాపు అప్పిచ్చినవాడిది. ప్రతి దింపుకూ, అంటే చెట్ల నుంచి కాయలు దించిన ప్రతిసారీ, మా కాయలు మా గుమ్మం ముందు నుంచే ట్రాక్టర్‌లో అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు వెళ్లేవి. కార్తీక మాసంలో దేవుడి దగ్గర కొట్టడానికి అమ్మ కొట్టులో డబ్బిచ్చి కొబ్బరికాయ కొనుక్కుంది. ఆ సంగతి నాకు అప్పట్లో చెప్పలేదు. తోట విడిపించిన తర్వాత, 2012 సంక్రాంతికి ఇంటికి వస్తే చెప్పింది.

ఇంతకీ ఆ కాలేజీ ఏమైంది? మా ఆసుపత్రిలో శిక్షణ విభాగం చూసే ఆవిడకు నా మార్కుల కాగితం చూపిస్తే, ఆవిడ ముందు కాగితం అడుగున చూసింది, తర్వాత నా ముఖం చూసింది. ఆ కోర్సుకు నర్సింగ్ గుర్తింపు లేదు. అక్కడ చదువును క్రెడిట్లలో లెక్కిస్తారు, నేను చదివిన ఒక్క క్రెడిట్‌ను కూడా ఏ మంచి విశ్వవిద్యాలయమూ లెక్కలోకి తీసుకోలేదు. అందుకే చెబుతున్నాను, నర్సింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థల్లో సీసీఎన్ఈ, ఏసీఈఎన్ ముఖ్యమైనవి. కాలేజీ పేరు వాటి జాబితాలో నీ కళ్లతో చూసుకున్న తర్వాతే ఫీజు మాట ఎత్తు. నీ కాగితంలో ఉన్న కాలేజీకి గుర్తింపు ఉంది, నిన్న రాత్రే చూశాను. ఫీజే ఎక్కువ.

ఆ మోసం తర్వాత 2009లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరాను. ఈసారి ఫీజు ఆసుపత్రి తిరిగి ఇస్తుందని తెలుసుకునే చేరాను. అయినా మరో దెబ్బ తగిలింది. మొదటి కోర్సులో మధుమేహ రోగులకు పాదాల సంరక్షణ గురించి వ్యాసం రాయమన్నారు. కాకినాడ నర్సింగ్ స్కూలులో మనం ఎలా చదివామో నీకు తెలుసు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తప్పకుండా రాస్తే మంచి మార్కులు. నేనూ అలాగే రెండు రాత్రులు డ్యూటీ దిగి వచ్చి, పుస్తకంలోని వాక్యాలే పేర్చి ఆరు పేజీలు పంపాను. తిరిగి వచ్చిన కాగితంలో సగానికిపైగా వరుసలు ఎర్రగా ఉన్నాయి. వాళ్ల కంప్యూటర్ ప్రతి వాక్యాన్నీ ఏ పుస్తకం నుంచి ఎత్తానో పట్టేసింది. సున్నా వేశారు. కోర్సు పోయింది. గ్రేడు రాకపోతే ఆసుపత్రి డబ్బు ఇవ్వదు కాబట్టి ఆ ఫీజు, మళ్లీ అదే కోర్సు చదివిన ఫీజు, రెండూ నా జీతంలోంచే పోయాయి.

దొంగతనం అనే మాట మొదటిసారి నా పేరు పక్కన చూసిన రోజది. నేను దొంగను కాదు, నాకు పద్ధతి తెలియదు. కానీ అక్కడ పద్ధతి తెలియకపోవడానికి మినహాయింపు ఉండదు. చదివింది పక్కన పెట్టి, పుస్తకం మూసి, సొంత మాటల్లో రాయి. ఆలోచన ఎవరిదో పక్కనే చెప్పు. ఎవరి నుంచి తీసుకున్నామో చూపించడానికి ఏపీఏ అనే పద్ధతి ఒకటి ఉంది, మొదటి వారంలోనే నేర్చుకో. కాలేజీల్లో వ్యాసాలు చూసి సరిదిద్దే విభాగం ఉంటుంది, ఉచితం. సిగ్గుపడి వెళ్లకపోతే నష్టం నీదే.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఉద్యోగి చదువుకు యజమాని ఇచ్చే డబ్బులో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఇచ్చే వీలు అమెరికా పన్ను చట్టంలో దశాబ్దాలుగా ఉంది. చాలా ఆసుపత్రులు ఆ మొత్తాన్నే హద్దుగా పెట్టుకున్నాయి. అది క్యాలెండర్ ఏడాది లెక్క. ఆగస్టులో చేరి, నిదానంగా చదువుతూ, రెండో ఏడాది దాటించి మూడో ఏడాది మే నెలలో ముగించావనుకో, మూడు క్యాలెండర్ ఏళ్లు కలిసి వస్తాయి. మూడు 5,250లు 15,750. నీ 16 వేల కోర్సుకే అది దాదాపు సరిపోతుంది. అదే ఒక్క ఏడాదిలో పరుగెత్తి ముగించావనుకో, మిగిలినదంతా నీ నెత్తిన పడుతుంది. చేరకముందే అనుమతి కాగితం మీద సంతకం తీసుకోవాలి. చేరిన తర్వాత అడిగితే సాధారణంగా ఇవ్వరు. డబ్బు తీసుకున్నాక ఇన్నేళ్లు అక్కడే పనిచేయాలనే షరతు ఉంటుంది, దాన్ని నీ ఏజెన్సీ ఒప్పందంతో పక్కపక్కన పెట్టి చదువు.

టెక్సాస్‌లో పన్నెండు నెలలు కాపురం ఉంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రాష్ట్రవాసుల ఫీజు వర్తిస్తుంది. నీకు ఇంకా ఆరు నెలలు ఉంది. వెంటనే వద్దని నేను అంటున్నది ఇందుకే. ఈలోపు ఖాళీగా కూర్చోవద్దు. అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో ఏ డిగ్రీకైనా 42 క్రెడిట్ల సాధారణ విషయాలు ఉంటాయి. అందులో ఆరు క్రెడిట్లు అమెరికా చరిత్ర, మరో ఆరు ప్రభుత్వ పాలన, టెక్సాస్ రాజ్యాంగంతో సహా. మన జీఎన్ఎంలో అవి ఎక్కడివి? వాటిని విశ్వవిద్యాలయంలో కాకుండా ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో ఒక్కొక్కటిగా చదివితే ఫీజు బాగా తక్కువ. కొన్నింటిని తరగతికి వెళ్లకుండానే క్లెప్ అనే పరీక్ష రాసి కూడా దాటవచ్చు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ప్రభుత్వ విద్యా సాయం కోసం పెట్టే ఫ్యాఫ్సా దరఖాస్తు కూడా నింపు. మొదటి డిగ్రీ చదివేవారికి ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంటు వస్తుంది, అది తిరిగి కట్టనక్కర్లేదు. నేను మూడేళ్లపాటు అది నాలాంటి వాళ్లకు కాదనుకుని ఊరుకున్నాను.

డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడవద్దని అందరూ చెబుతారు. ఈ ఒక్క విషయంలో నేను మార్చమనే అంటాను. ఒక కోర్సు ఫీజు మీ తోటలో ఎన్ని దింపులో లెక్క వేసుకో. అలా లెక్క వేసుకున్న తర్వాత నేను మళ్లీ ఒక్క కోర్సు కూడా పోగొట్టుకోలేదు.

చదువు కష్టమా అని భయపడుతున్నావు. నీ చేతులకు తెలిసినది తక్కువేమీ కాదు. సామాజిక ఆరోగ్యం కోర్సులో విపత్తు సమయంలో నర్సు పాత్ర గురించి రాయమన్నప్పుడు, నేను 1996 తుఫాను తర్వాతి రోజులు రాశాను. అప్పుడు నేను విద్యార్థిని. మమ్మల్ని కోనసీమ పల్లెలకు పంపారు. పడిపోయిన కొబ్బరి చెట్ల మీదుగా నడిచి, బావుల్లో బ్లీచింగ్ పొడి కలిపి, పిల్లలకు ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో తల్లులకు చూపించాం. ఒక ఇంట్లో గ్లాసు కూడా మిగలకపోతే కొబ్బరి చిప్పతో కొలిచాం. ఈసారి ప్రతి వాక్యమూ నాదే. ఆ కాగితం ప్రొఫెసర్ తరగతి అందరికీ చదివి వినిపించారు. డిగ్రీ 2013లో చేతికి వచ్చింది, ఇప్పుడు ముప్పై మంది నర్సుల యూనిట్‌ను నేను చూసుకుంటున్నాను. నాకు సాధ్యమైంది నీకూ సాధ్యమే, కాకపోతే నీకు తొందర ఎక్కువ.

ఒంటరిగా ఉందని కూడా రాశావు. ఉంటుంది. వారానికి మూడు పన్నెండు గంటల డ్యూటీలు, పైన చదువు మొదలైతే దాని గురించి ఆలోచించే తీరిక తగ్గుతుంది. ఆదివారం అమ్మతో మాట్లాడు, కానీ ఫీజుల గురించి ఆవిడతో మాట్లాడకు. నాతో మాట్లాడు.

కాలేజీలు జీఎన్ఎం మార్కుల వివరాలను, విదేశీ చదువులను పోల్చి చూసే మదింపు సంస్థ ద్వారా అడుగుతాయి, అవి మన స్కూలు నుంచి సీలు వేసిన కవరులో నేరుగా వెళ్లాలి. నీ చేతిలో ఉన్న నకళ్లు పనికిరావు. నేను సోమవారం కాకినాడ వెళ్తున్నాను. నీ హాల్ టికెట్ నంబరు, చేరిన ఏడాది, పాసైన ఏడాది, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అలా, రేపు రాత్రికల్లా పంపు. స్కూలులో దరఖాస్తు నేనే ఇచ్చి రసీదు ఫొటో పంపుతాను. దస్తావేజు మీ అమ్మగారి సంచిలోనే తిరిగి పెట్టి, ఆటో ఎక్కించి పంపాను. ఇంటికి చేరి బీరువాలో పెట్టి తాళం వేశానని రాత్రి ఫోను చేశారు.