ఎవరి బాణీ, ఎవరి గీత: అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

చి. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. షార్ట్ ఫిల్మ్‌కి నువ్వు కట్టిన పాట వినగానే ఎవరో "ఇదెక్కడో విన్నట్టుందే" అన్నారని, పోస్టర్ మీద నువ్వు వేసిన బొమ్మ చూసి ఇంకొకరు "అచ్చం బాపు బొమ్మే" అని మెచ్చుకున్నారని రాశావు. మొదటి మాటకి నొచ్చుకున్నావు, రెండో మాటకి మురిసిపోయావు. నాకు మాత్రం రెండూ ఒకటే మాటలా వినిపించాయి. అందుకే ఫోన్లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు పాట సంగతి. మోహన రాగంలో కట్టానన్నావు. మోహనలో ఉన్నవి అయిదే స్వరాలు. తరతరాలుగా ఇంతమంది ఆ అయిదింటితోనే పాటలు కడుతూ ఉంటే, నీ పాట ఎక్కడో ఒకచోట ఇంకో పాటకి తగలక మానదు. రాగం, తాళం, రాగానికి ప్రాణమైన ప్రయోగాలు అందరి ఆస్తి. అక్కడ పోలిక కనిపిస్తే కంగారు పడకు. పాటని ఒకరిది చేసే విషయాలు వేరే ఉన్నాయి. ఏ స్వరం మీద ఎంతసేపు నిలిచింది, ఎత్తుగడ సమం మీదా, అంటే తాళం మొదటి దెబ్బ మీదా, లేక కాస్త ఆగి వచ్చిందా, మాట ఎక్కడ విరిగింది, రెండోసారి పాడినప్పుడు ఏ చిన్న గమకం చేరింది, పల్లవి చివర ఎలా వాలింది. ఇవన్నీ ఒక వరసలో కుదిరితేనే అది ఒకరి బాణీ.

జార్జ్ హారిసన్ కేసు గురించి నీకు వివరంగా చెప్పాలి. తను పాడే బీటిల్స్ బృందం విడిపోయిన 1970లో ఆయన 'మై స్వీట్ లార్డ్' పాట తెచ్చాడు. అది షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడి 1963లో హిట్ అయిన 'హీ ఈజ్ సో ఫైన్' పాటేనని కోర్టుకెక్కారు. 1976లో న్యూయార్క్‌లో తీర్పు వచ్చింది. జడ్జిగారు రెండు పాటల్నీ ముక్కలుగా విడదీసి చూశారు. మన స్వరాల్లో చెప్పాలంటే మొదటి ముక్క "పగరి". రెండోది "పదసదస", అందులో స పై షడ్జం. అన్నీ నీ మోహనలో ఉన్న స్వరాలే, కావాలంటే హార్మోనియం మీద పలికించి చూడు. పాత పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు, దాని వెనకే రెండో ముక్క నాలుగుసార్లు వస్తాయి. హారిసన్ పాటలో మొదటిది నాలుగు, రెండోది మూడు, నాలుగోదాని చోట దాదాపు అంతే పొడవున్న వేరే ముక్క. రెండో ముక్క తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట దొర్లే చిన్న అలంకార స్వరం (గ్రేస్ నోట్) కూడా రెండు పాటల్లోనూ ఒకటే. విడివిడిగా చూస్తే ఆ ముక్కల్లో కొత్తదనం ఏమీ లేదని, ఆ వరసలో అన్నిసార్లు రావడమే ఆ పాటకి సొంతమని జడ్జిగారు అన్నారు. హారిసన్ కావాలని ఎత్తేశాడని మాత్రం అనలేదు. ఎప్పుడో విన్నది మనసు అడుగున ఉండిపోయి, పాట కట్టే వేళకి తనదిలాగే పైకి వచ్చిందన్నారు. అయినా ఉల్లంఘన ఉల్లంఘనే అయింది.

నీకు ఈ కథ భయపెట్టడానికి చెప్పలేదు. మన చెవి అంత నమ్మదగ్గది కాదని చెప్పడానికి చెప్పాను. పాట ఒక్క ఊపులో, ఎక్కడా తడుముకోకుండా వచ్చేసిందంటే మనకి సంతోషంగా ఉంటుంది. అనుమానించాల్సింది ఆ పాటనే.

ఇప్పుడు నీ పాటతో ఇలా చెయ్యి. మాటలు తీసేసి, వట్టి అకారంతో, సగం వేగంలో పాడి రికార్డ్ చేసుకో. స్వరం రాసుకో, ఆగిన చోట్లు కూడా గుర్తు పెట్టు. తర్వాత ఆ నడకని, అంటే ఎక్కడ ఎత్తుకున్నావో ఎక్కడ ఆగావో దాన్ని, కదపకుండా రాగం ఒక్కటే మార్చు. మోహన బదులు హిందోళంలో పాడు. విన్నట్టుందన్న ఆ పాత పాట ఇంకా గుర్తొస్తోందా? అయితే పోలిక నడకలో ఉందన్నమాట, నువ్వు మార్చాల్సింది అదే. రాగం మారగానే పోలిక పోయిందంటే అది మోహన తెచ్చిన పోలిక, వదిలెయ్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నడక అలాగే ఉంచి రెండు స్వరాలు అటూ ఇటూ జరిపి, ఇంకెవరూ పట్టుకోలేరనుకుంటారు. వినేవాడి చెవి మొదట పట్టేది నడకనే.

కూనిరాగం తీస్తే పాట పేరు చెప్పే సదుపాయం ఫోన్లో ఉంది, అది వాడుకో. దాంతోపాటు అరవై దాటినవాళ్లు ఎవరికైనా వినిపించు. రేడియో సిలోన్, వివిధ భారతి వింటూ పెరిగిన చెవులకి ఫోన్‌కి దొరకని పాటలు తెలుసు.

ఇంకో అలవాటు చేసుకో. పాట కడుతున్న రోజుల్లో ఏం వింటున్నావో, మొదటి ఎత్తుగడ ఎప్పుడు తట్టిందో, ఏది ఎందుకు కొట్టేశావో తారీఖు వేసి రాసి పెట్టుకో. ఫోన్లో చిత్తుగా పాడుకున్న రికార్డింగులు ఒక్కటీ చెరపకు. 2025లో మణిరత్నం సినిమాలోని 'వీర రాజ వీర' పాట మీద ఢిల్లీ హైకోర్టులో నడిచిన వ్యవహారం చూశావు కదా. ధ్రుపద్ గాయకులైన జూనియర్ డాగర్ సోదరుల 'శివ స్తుతి' నుంచి వచ్చిందంటూ వాళ్ల వారసుడు రెహమాన్ మీద వేసిన కేసు అది. ఏప్రిల్‌లో ఒక జడ్జిగారు డాగర్ సోదరుల పేర్లు వెయ్యమని, 2 కోట్లు డిపాజిట్ చెయ్యమని అన్నారు. సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల బెంచి ఆ ఉత్తర్వు కొట్టేసింది. పాడినంత మాత్రాన కూర్చింది వాళ్లేనని అనుకోలేమని బెంచి అభిప్రాయం. ఎవరి పక్షం న్యాయమో నేను చెప్పబోవడం లేదు. గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వచ్చిన సంగీతానికి కాగితం ఉండదు. నీ పాటకి ఉండే వీలుంది కాబట్టి ఉంచుకో.

ఇక నాకు కడుపు మండే సంగతి ఒకటి చెబుతాను. నువ్వు ఇంకో పాటకి అన్నమయ్య కీర్తన వాడుకుంటానని, అది ఎవరి హక్కూ లేనిదని రాశావు. సాహిత్యం వరకూ నిజమే. అన్నమయ్య పోయింది 1503లో. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద కీర్తన, రాగం పేరు ఉన్నాయే తప్ప స్వరం లేదు. ఇవాళ ఇంటింటా వినపడే బాణీల్లో చాలా మటుకు మన కాలం వాళ్లు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, బాలమురళి గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు. "నానాటి బ్రతుకు నాటకము" అని రేవతిలో ఎత్తుకోగానే గుండె బరువెక్కుతుందే, ఆ రేవతి నేదునూరి వారిది. "వినరో భాగ్యము విష్ణుకథ" అని పిల్లలంతా పాడుకునే బాణీ బాలకృష్ణప్రసాద్ గారిది. వీళ్ల పేర్లు వెయ్యకుండా "సంప్రదాయ బాణీ" అని రాసేస్తుంటారు. సంగీత రచన మీద హక్కు రచయిత పోయాక ఇంకా 60 ఏళ్లు ఉంటుందని మన చట్టం. చట్టం మాట అటుంచు. ఒక మనిషి జీవితమంతా పెట్టి కట్టిన బాణీని, ఆయన పోయి పదేళ్లు కాకుండానే ఊరి ఉమ్మడి చెరువులా వాడుకోవడం నాకు సహించదు. ఆ కీర్తన నీకు నచ్చితే రెండే దారులు. బాణీ ఎవరిదో కనుక్కుని, అనుమతి తీసుకుని, పేరు వేసి వాడుకో. లేదా సాహిత్యం ఒక్కటే తీసుకుని నీ బాణీ నువ్వే కట్టు.

తీసుకోవడమే తప్పని నేను అనడం లేదు. ముత్తుస్వామి దీక్షితులు గారు ఇంగ్లీషు బ్యాండు పాటల వరసలకి సంస్కృత సాహిత్యం కట్టారు. "సంతతం పాహిమాం" పాడితే బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం వరస వినిపిస్తుంది. వాటిని ఇప్పటికీ నొట్టుస్వరాలని విడిగానే చెప్పుకుంటారు, కృతుల్లో కలిపెయ్యలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో దాచకుండా తీసుకోవడం అంటే అది.

ఇంత దూరం వచ్చాం కాబట్టి ఆనందవర్ధనుడి మాట కూడా చెబుతాను. వెయ్యేళ్ల కిందట ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్ర గ్రంథంలో ఆయన కవుల మధ్య పోలికలని మూడు రకాలు చేశాడు. అద్దంలో ప్రతిబింబం లాంటిది ఒకటి, దానికి తనదంటూ ప్రాణం లేదు. మనిషిని చూసి గీసిన బొమ్మలాంటిది రెండోది, అదీ పేలవమే. మూడోది ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలిక. ముఖాలు కలిసినా ఎవరి ప్రాణం వారిది. ఈ మూడో పోలికని కవి వదులుకోనక్కర్లేదన్నాడు. నీ పాట పాత పాట పక్కన పెట్టి ఈ మూడింట్లో ఏదో నువ్వే తేల్చుకో. బొమ్మకి కూడా ఇదే కొలత.

ఇప్పుడు ఆ బొమ్మ. బాపు గారి గీత చూసి చెయ్యి తిప్పుకోవడం తప్పు కాదు. అలా నేర్చుకున్నవాళ్లు పత్రికల్లో ఎంతమందో. శైలి మీద చట్టంలో ఎవరికీ హక్కు లేదు కూడా. ఆయన వేసిన ఒక్కో బొమ్మ మీద మాత్రం ఉంది. ఆయన 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా ఉంటుంది. నీ పోస్టర్ పక్కన ఆయన బొమ్మల పుస్తకం పెట్టుకుని చూశాను. నువ్వు తీసుకున్నది గీత ఒక్కటే కాదమ్మా. వెనక్కి తిరిగిన మెడ, నడుం దాటి ఊగే జడ, కాటుక కన్ను, కుడిపక్కన వదిలిన ఖాళీ కూడా తీసుకున్నావు. నీ సినిమాలో అమ్మాయి బస్టాండులో టీ కొట్టు నడుపుతుంది కదా. ఆ జడ, ఆ తీరు ఆమెవేనా? వేడి గిన్నెలు దించీ దించీ మొద్దుబారిన వేళ్లు, భుజం మీద మసిగుడ్డ, గ్లాసులు కడిగి కడిగి నాని తెల్లబడిన అరచేతులు నీ బొమ్మలో ఎక్కడా లేవు. ఒక పొద్దున బస్టాండుకి వెళ్లి, అలాంటి మనిషిని అడిగి, ఎదురుగా కూర్చుని గియ్యి. బాపు గారి గీత ఆ వేళ్ల దగ్గర నీకు సరిపోదు. అక్కడ నువ్వు తడబడి గీసే గీత నీది అవుతుంది.

అభ్యాసానికి వేసిన నకళ్లు వేరు. వాటి కింద "బాపు గారి బొమ్మ చూసి" అని రాసి పెట్టుకో. వాన్ గో 1889, 90ల్లో సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మిలే అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మల నలుపు తెలుపు అచ్చులు ముందు పెట్టుకుని రంగుల్లో మళ్లీ వేశాడు. బీతోవెన్ సంగీతాన్ని వాయించేవాడు దానికి తన తీరు కూడా జోడిస్తాడు కదా, అలాంటిదే ఇదీ అని తమ్ముడికి ఉత్తరం రాశాడు. మిలే పేరు దాచలేదు.

నెట్‌లో దొరికిన ఫోటో పైన గీయడం నీ తరానికి మంచినీళ్ల ప్రాయం అయిపోయింది. ఫోటో తీసినవాళ్లు ఉంటారు కదా. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో ప్రిన్స్ అనే గాయకుడిని ఫోటో తీసింది. 1984లో ఒక పత్రిక ఆమెకి 400 డాలర్లిచ్చి, ఆ ఫోటో ఆధారంగా ఆండీ వార్హోల్ చేత ఒక్కసారి వాడుకోవడానికి బొమ్మ వేయించుకుంది. ఆయన అదే ఫోటోతో ఇంకెన్నో వేశాడు. 2016లో వాటిలో ఒకటి పత్రిక అట్ట మీదకి వచ్చింది. డబ్బు వార్హోల్ ఫౌండేషన్‌కి వెళ్లింది, ఆమెకి పేరూ లేదు, పైసా లేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలబడింది. అంత పేరున్న చిత్రకారుడి విషయంలోనే అలా తేలింది.

పోస్టర్ వెనక వేసిన కలంకారీ అంచు ఎక్కడిదని అడిగితే "ఏదో డిజైన్ పెద్దమ్మా" అన్నావు. శ్రీకాళహస్తిలో గుడ్డని కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టి, బెల్లంలో తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టి తీసిన నలుపుతో, గుడ్డ చుట్టిన వెదురు కలంతో ఒక్కో గీతా చేత్తో గీస్తారు. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. దాన్నే స్క్రీన్ మీద అచ్చుగుద్ది కలంకారీ అని అమ్ముతుంటే ఆ చేతులకి పని పోతోంది. నీకు ఆ అంచే కావాలంటే ఒక కళాకారుడి చేత వేయించుకో, కూలి ఇవ్వు, పోస్టర్ మీద ఆయన పేరూ ఊరూ వెయ్యి. మీ బడ్జెట్‌లో అది పెద్ద ఖర్చేం కాదు.

ఏఐ గురించి ఎక్కువ చెప్పను. ఫలానా వారి శైలిలో వెయ్యి అని ఎవరి పేరు టైపు చేశావో, ఆ పేరు బొమ్మ కింద కనపడాలి. ఆ పేరు వెయ్యడానికి నీకు సిగ్గేస్తే ఆ బొమ్మ వాడకు.

చివరగా, సంతకం పెట్టే ముందు అగ్రిమెంటు మొత్తం చదువు. "ఇది పూర్తిగా నా సొంత రచన, ఎవరైనా దావా వేస్తే నష్టం నేనే భరిస్తాను" అనే అర్థం వచ్చే షరతు సాధారణంగా ఉంటుంది. అనుమానం ఉన్న పాట మీద ఆ సంతకం పెట్టకు.

ఆదివారం లోపు మాటల్లేని రికార్డింగు, స్వరం రాసిన కాగితం ఫోటో పంపు. పల్లవి రెండో పాదంలో పంచమం మీద నువ్వు ఆగే చోటే నాకు అనుమానం. అక్కడ అర మాత్ర ముందుగా ఎత్తుకుని ఇంకో రకంగా పాడి అదీ పంపు. డైరెక్టర్ అబ్బాయికి మాత్రం రేపే చెప్పు. ఎడిటింగ్ అయిపోయాక చెబితే అతనికి వేరే పాట కుదుర్చుకునే వ్యవధి ఉండదు.

ప్రేమతో,
పెద్దమ్మ